తలుపు వెనక సెవాస్తీ కాగితం

మా దీవి పేరు చెప్పను. చెబితే మీరొస్తారు. ఓడ దిగిన అయిదో నిమిషంలో నా కొట్టు ముందు నిలబడి, "ఇక్కడ చూడదగ్గవి ఏమున్నాయండీ?" అని అడుగుతారు. సముద్రం మీ వెనకే ఉంటుంది. అది తప్ప అన్నీ కావాలి మీకు.

నా పేరు అంటిపాస్. రేవులో ఓడ టికెట్లు అమ్ముతాను. ముప్పయ్యేళ్లుగా ఇదే పని కాబట్టి, సలహాలు రాసేవాళ్లను చాలామందినే చూశాను. పోయినేడు ఒకావిడ మా దీవిలో రెండు రోజులుంది. అందులో ఒకరోజు కడుపునొప్పితో మంచం దిగలేదు. వెళ్లి ప్రయాణికులకు ఇరవై సలహాలు రాసింది. మొదటిది, "స్థానికుల్లా జీవించండి." స్థానికులమైన మేము ఆగస్టులో రోజుకు పదహారు గంటలు ప్లేట్లు కడుగుతాం. అలా జీవించడానికి ఇంతవరకూ ఒక్కరూ ముందుకు రాలేదు.

నిజంగా పనికొచ్చే సలహాలు రాసింది ఒక్క సెవాస్తీ. ఆమె భర్త సరుకు ఓడల్లో వంటవాడు. ప్రపంచమంతా తిరిగి, చివరికి ఇంటి మెట్ల మీద జారిపడి పోయాడు. అప్పటికి సెవాస్తీకి ముప్ఫై ఎనిమిదేళ్లు, ఒక కొడుకు, రేవు వెనక నాలుగు మేకల కొట్టాలు. మేకల్ని అమ్మేసింది. కొట్టాలకు సున్నం కొట్టి, కిటికీలకు నీలం రంగు వేసి, మంచాలు వేయించి, గదులంది. మేకలు నడిచి వచ్చిన దారినే ఇప్పుడు మనుషులు పెట్టెలు ఈడ్చుకుంటూ వస్తారు. మేకలే నయమనీ, తువ్వాళ్లు మార్చమని అడిగేవి కాదనీ ఆమె అంటుంది.

ప్రతి గది తలుపు వెనకా ఒక కాగితం అంటించింది. ముందుకాక వెనక ఎందుకంటే, లోపలికొచ్చే మనిషి మంచాన్ని చూస్తాడు గానీ ఇంకేదీ చదవడట, తలుపు మూశాకే చదువుతాడట. కాగితం మీద తొమ్మిది మాటలు. మరుగుదొడ్డిలో కాగితం వేయకు, పక్కన బుట్ట ఉంది, మా గొట్టాలు మీ నగరం గొట్టాలు కావు. నీళ్లు ఓడలో వస్తాయి, నువ్వూ ఓడలోనే వచ్చావు, ఇద్దరిలో ఎవరు లేకపోతే మాకు కష్టమో ఆలోచించి స్నానం చెయ్యి. ఎవరైనా "అయిదు నిమిషాల నడకే" అంటే నీళ్ల సీసా పట్టుకెళ్లు. మోపెడ్ అద్దెకు తీసుకోకు, డాక్టరు మంగళవారం మాత్రమే వస్తాడు. చేప ధర తినకముందు అడుగు.

అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది నాలుగో మాట. "వెళ్లాల్సిన రోజుకు రెండు రోజుల ముందే దీవి వదిలిపో. గాలికి నీ టికెట్టు చదవడం రాదు."

ఈ మాట గదితాళంతో పాటు నోటితో కూడా చెప్పేది. వద్దన్నా చెప్పేది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. తాళం ఇవ్వడం వేరేవాళ్లకు అప్పజెప్పదు, అప్పజెబితే నాలుగోది సరిగ్గా చెప్పరని భయం. ముప్పయ్యేళ్లలో ఆమె దీవి దాటింది నాలుగుసార్లు. అందులో రెండు పళ్లడాక్టరు కోసం.

తొమ్మిదో మాట ఇది: "రేవులో కుర్రాళ్ల మాటలు నమ్మకు. అందులో మావాడూ ఉన్నాడు." పన్నెండేళ్ల కిందట థెస్సలొనీకి నుంచి ఫ్రోసో అనే అమ్మాయి రెండో గదిలో దిగింది. కాగితం మొత్తం శ్రద్ధగా చదివింది. ఎనిమిది మాటలు తు.చ. తప్పకుండా పాటించింది. తొమ్మిదోది పాటించలేదు. ఇప్పుడు ఆమె సెవాస్తీ కోడలు. కొడుకు స్తమాతిస్ పిరేయస్ రేవులో ఓడలు బాగుచేస్తాడు, కాపురం అక్కడే, ఫ్రోసో తల్లి పొలిక్సేని కూడా వాళ్ల పక్క వీధికే మారింది. పదేళ్లు పిల్లల్లేరు. పోయిన చలికాలంలో ఆడపిల్ల పుట్టింది.

మా దగ్గర మొదటి ఆడపిల్లకు తండ్రి తల్లి పేరు పెడతారు. ఇది చట్టం కాదు. చట్టమైతే ఎవరూ పాటించరు. బాప్తిస్మం అయ్యేదాకా పిల్లకు పేరుండదు, అందరూ బేబీ అనే పిలుస్తారు. ఆ రోజు పాదిరిగారు అడిగితే, పిల్లను ఎత్తుకున్న జ్ఞానతల్లి గట్టిగా పేరు చెబుతుంది. ఒకసారి చెప్పాక ఇక మార్చడం ఉండదు.

బాప్తిస్మం ఆగస్టు చివరి ఆదివారం, పిరేయస్‌లో అని కబురొచ్చింది. సెవాస్తీ నా కొట్లోంచే ఫోన్ చేసింది, నేను వినాలని.

"ఇక్కడెందుకు చెయ్యరే? నీ మొగుడికి ఇక్కడే అయింది, మునిగిపోలేదుగా?"

"మావాళ్లు ముప్ఫైమంది అత్తయ్యా. ఆగస్టులో గాలి లేచి ఓడ ఆగిపోతే?"

"గాలా? మా గాలికేమొచ్చిందే?"

"మీరే రాశారు కదా అత్తయ్యా. నాలుగోది."

సెవాస్తీ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. మొహం కందగడ్డలా ఉంది. "చూశావట్రా అంటిపా? నా మాట నా మొహానే కొట్టింది!"

"నీ మాట విన్న మొదటి మనిషి ఆ పిల్లే అక్కా. సంతోషించాలి గానీ."

"పేరు కూడా చెప్పట్లేదు. ఆ రోజే తెలుస్తుందిలెండి అంటోంది. ఆ పొలిక్సేని పేరు పెడతారురా! ఆవిడ వారానికి మూడుసార్లు పిల్లను ఎత్తుకుంటుంది. నేను ఫోన్లో ఎత్తుకుంటున్నా."

"మరేం చేస్తావ్?"

"వెళ్లి జ్ఞానతల్లి పక్కనే నిలబడతా. తప్పు పేరొచ్చేటట్టుంటే దగ్గుతా."

"దగ్గితే?"

"నా దగ్గు నువ్వింకా వినలేదురా."

బాప్తిస్మం ఉన్న వారం, మంగళవారం పొద్దున మెల్తేమి లేచింది. ఆగస్టులో ఉత్తరం నుంచి వచ్చే గాలి ఇది. కుర్చీల్నీ టోపీల్నీ మనుషుల మర్యాదల్నీ ఎత్తుకుపోతుంది. గాలి లేస్తే మా ఊళ్లో పలకరింపులుండవు, గాలి బలం అంకెలే. "ఎంత?" అని ఒకడంటే "ఏడు" అని ఇంకొకడంటాడు. ఎనిమిది దాటితే రేవు అధికారి ఓడల్ని ఆపేస్తాడు.

బుధవారం ఇంకా ఏడే. పాత ఓడ ఒకటి పిరేయస్ వెళ్తోంది. పదిచోట్ల ఆగుతూ పోయే ముసలి ఓడ, కానీ పోతుంది. నేను సెవాస్తీ ఇంటికి వెళ్లాను.

"అక్కా, ఇవాళ ఎక్కెయ్. రేపటి సంగతి చెప్పలేం."

ఆమె దుప్పటి ఆరేస్తోంది. ఆ గాలికి దుప్పటే ఆమెను ఆరేసేటట్టుంది. "రేపు ఫ్రాన్సు వాళ్లొస్తున్నార్రా మూడో గదికి. తాళం ఎవరిస్తారు? నువ్వా? నువ్వు నాలుగోది నవ్వుతూ చెబుతావు."

"గాలి పెరిగితే?"

"మెల్తేమి మూడో రోజుకు పడిపోతుంది. మంగళ, బుధ, గురు. శుక్రవారం పెద్ద ఓడలో కాళ్లు చాపుకుని పోతా. గాలిసంగతి నాకు చెబుతావట్రా?"

మూడు రోజులు కాకపోతే ఆరు, ఆరు కాకపోతే తొమ్మిది అన్నది కూడా మావాళ్ల మాటే. అది గుర్తుచేశాను. వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇది మా దీవివాళ్లకు మాత్రమే వచ్చే జబ్బు. పరాయివాడైతే వాతావరణం వార్తలు చూసి ఓడెక్కేస్తాడు. మేము మాత్రం మా తాతల లెక్క పట్టుకుని ఒడ్డున కూర్చుంటాం.

ఫ్రాన్సు వాళ్లు కూడా రాలేదు. వాళ్లు వాతావరణం వార్తలు చూశారు.

శుక్రవారం గాలి తొమ్మిది. సెవాస్తీ నల్లగౌను వేసుకుని, పెట్టె పట్టుకుని వచ్చింది. పెట్టెలో పిల్లకు తను కుట్టిన తెల్ల చొక్కా, కొడుక్కి రెండు కిలోల మేక జున్ను. మొదటి రోజు లెక్కకు రాదట, గాలి మధ్యాహ్నం లేచింది కాబట్టి ఇవాళే అసలు మూడో రోజట. "పొద్దున్నే లేచింది కదక్కా" అన్నాను. నావైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. పెట్టె నా కొట్లో పెట్టి వెళ్లింది. సాయంత్రానికి జున్ను తన ఉనికి చాటుకోవడం మొదలుపెట్టింది.

శనివారం ఆమె రేవు అధికారి మీద పడింది. పాతికేళ్లవాడు, కొత్తగా వచ్చాడు.

"ఓడ ఎందుకు ఆపావు నాయనా?"

"తొమ్మిదుందమ్మా గాలి. రూలు."

"నీకు బాప్తిస్మం అయిందా?"

"అయిందమ్మా."

"మీ నాయనమ్మ వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"మరి!"

రూలు మారలేదు. ఆమె చేపలు పట్టే నికితాస్ దగ్గరికి వెళ్లింది, పడవ మీద తీసుకెళ్లమని. "అక్కా, నువ్వంటే నాకు గౌరవం. కానీ నా పడవంటే ప్రాణం" అన్నాడు వాడు.

రేవంతా ఇరుక్కుపోయిన జనం. పెట్టెల మీద కూర్చుని, విమానాలు తప్పిపోయాయని ఫోన్లలో ఏడుస్తున్నారు. వాళ్లలో సెవాస్తీ ఒకటో గదిలో దిగిన హాలండు ఆవిడ ఉంది. తాటిచెట్టంత మనిషి, మా భాష కొంచెం నేర్చుకుంది. ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుందట. సెవాస్తీని చూసి లేచి వచ్చి, పాపం మంచి మనసుతోనే, పైకి చదివింది.

"అమ్మగారూ. నాలుగో మాట. రెండు రోజుల ముందే దీవి వదిలిపో. గాలికి నీ టికెట్టు చదవడం రాదు. చాలా బాగుంది. మీరు చదవలేదా?"

ముప్పయ్యేళ్లుగా నేను ఎదురుచూస్తున్న క్షణం అది. అందుకు నవ్వు రావాలి. రాలేదు. సెవాస్తీ కళ్లలో నీళ్లు చూడటం నాకు ఆమె భర్త పోయాక అదే మొదటిసారి. హాలండు ఆవిడ కంగారుపడి బిస్కెట్ ఇచ్చింది.

ఆదివారం పన్నెండింటికి బాప్తిస్మం. దీవిలో ఫోన్ బొమ్మ ఆగకుండా వచ్చే చోటు నా కొట్టు ఒక్కటే. సెవాస్తీ అదే నల్లగౌనులో, జున్ను వాసనలో, నా కుర్చీలో నిటారుగా కూర్చుంది. స్తమాతిస్ అక్కడ చర్చిలో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు పాదిరిగారి గడ్డమే కనబడింది.

"ఒరేయ్, కొంచెం కిందకి దించరా! పిల్లను చూపించు!" అని ఈమె అరిచింది. చర్చిలో సగం మంది ఫోన్ వైపు తిరిగారు.

పాదిరిగారు జ్ఞానతల్లిని పేరడిగారు. సెవాస్తీ నా చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని గొంతు సవరించుకుంది. ఆ దగ్గు సముద్రం దాటి పిరేయస్ చేరేదే, నాకు అనుమానం లేదు.

"సెవాస్తీ" అంది జ్ఞానతల్లి.

దగ్గు లోపలే ఉండిపోయింది. పిల్లను నీళ్లలో ముంచారు, పిల్ల చర్చి కప్పు ఎగిరేటట్టు ఏడ్చింది. గొంతు ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు. వెనక పొలిక్సేని కళ్లు తుడుచుకుంటూ మాకు చెయ్యి ఊపుతోంది. ఆ ఊపులో కుట్ర ఏదీ నాకు కనబడలేదు.

అంతా అయ్యాక ఫ్రోసో ఫోన్ తీసుకుంది. "అత్తయ్యా, ఒంట్లో బాగానే ఉందా? గాలి లేచిందని వినగానే, మంగళవారం నుంచే మీ పక్క వేసి ఉంచాను. ముందే వస్తారు కదా, ఎప్పుడూ చెప్పేది అదేగా అనుకున్నా. రోజూ ఓడల దగ్గరికి వెళ్లొచ్చాడు మీ అబ్బాయి. పేరు ఆశ్చర్యంగా ఉండాలని చెప్పలేదు. మీరు పక్కనుండి వింటారనుకున్నా."

"పిల్ల తల తుడవండి, జలుబు చేస్తుంది" అని మాత్రం అంది సెవాస్తీ. ఫోన్ ఆగిపోయాక ఆ నల్లటి అద్దాన్ని రుమాలుతో తుడిచింది.

"నేను పోలీసులా వెళ్దామనుకున్నానురా" అంది. "వాళ్లు నాకు పక్క వేసి కూర్చున్నారు."

నాకు తెలిసిన మాటలన్నీ వెటకారానివే. కాఫీ పెట్టిచ్చాను.

మూడింటికి గాలి పడిపోయింది. మంగళవారం నుంచి లెక్కపెట్టుకోండి, ఆరో రోజు. తాతల లెక్క తప్పలేదు. అయిదింటికి పెద్ద ఓడ వచ్చి రేవులో తలుపు దించింది. ఇరుక్కుపోయినవాళ్లంతా ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఎక్కుతున్నారు. సెవాస్తీ లేచి పెట్టె అందుకుంది.

"ఎక్కడికక్కా? బాప్తిస్మం అయిపోయిందిగా."

"పేరు పెట్టారు. పిలవాలిగా."

"మరి గదులు? రేపు జర్మనీ వాళ్లొస్తారు. తాళాలు?"

నడుముకు కట్టుకున్న నాలుగు తాళాలూ తీసి నా బల్ల మీద పెట్టింది. ముప్పయ్యేళ్లలో అవి ఆమె నడుము దిగడం నేను చూడలేదు.

"తలుపు వెనక కాగితం ఉంది" అంది. "చదువుకుంటారు."