నీళ్ళలో మూడు రాళ్ళు

మా బావగారు పోగొట్టుకున్నవి ముందు చెబుతాను. ఎడమచేతి వేళ్ళు రెండు. కుడిచెవి వినికిడి. ఇంటికి దూరంగా గడిచిన మూడేళ్ళ ఏడు నెలలు. ఇవి జర్మనీ యుద్ధంలో, బస్రా వైపు పోయినవి. తిరిగి వచ్చాక కొల్లేట్లో పోయినవి వేరు: ఆరు పంటల విత్తనం, ఒక ఎద్దు, ఆ తరవాత రోజూ తన ఇంట్లో తాను పడుకునే వీలు. మొదటివాటిని తుపాకులు పట్టుకుపోయాయి. రెండోవాటిని ఒక కాగితం పట్టుకుపోయింది. ఆ కాగితం అందుకునేటప్పుడు ఆయన నిటారుగా నిలబడి సలాం కూడా చేశారు.

ఆయన మా అక్క భర్త. దెందులూరుకి దిగువన, కొల్లేటి అంచున ఉన్న ఊళ్ళో కాపురం. సొంత భూమి సెంటు లేదు. యుద్ధానికి వెళ్ళేనాటికి పెళ్ళై ఏడాది. తిరిగొచ్చిన రోజున, ఇకమీదట ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి ఉండనని మా అక్కతో అన్నారట. అన్నట్టే ఉన్నారు. తాడేపల్లిగూడెంలో నా పెళ్ళికి వచ్చి, భోజనం చేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. ముగ్గురు ఆడపిల్లలకీ పొద్దున్నే ఆయనే జడలు వేసేవారు. మూడు వేళ్ళ చేత్తో మూడు పాయలు పట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుందనేవారు. వీధిలో జనం "సిపాయిగారూ, ఇవాళ ఎన్ని జడలు గెలిచారండీ?" అని నవ్వేవారు. ఆయన వినబడని చెవి అటు తిప్పేవారు.

యుద్ధం అయిన చాలా ఏళ్ళకు సర్కారుకి ఆయన గుర్తొచ్చారు. ఏలూరులో సభ పెట్టి, దండ వేసి, ఐదు ఎకరాలకు పట్టా ఇచ్చారు. ఉపన్యాసం గంటా పది నిమిషాలు. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. అందులో బావగారి గురించి నాలుగు నిమిషాలు, మిగతాదంతా ఇచ్చినవాళ్ళ గొప్పతనం గురించి.

ఆ ఐదు ఎకరాలూ వైశాఖంలో కొలిచారు. వైశాఖంలో కొల్లేరు ముడుచుకుని ఎక్కడికో పోతుంది, నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతి, సున్నం వేసి వెళ్ళారు. వానలు పడి తమ్మిలేరు పొంగగానే మూడు రాళ్ళు మునిగాయి. ఒక మూల దిబ్బగా ఉంది కాబట్టి అక్కడి రాయి మునగలేదు. ఆ దిబ్బని తాడు వేసి కొలిచాను. పదకొండు సెంట్లు. మిగతా నేల నీళ్ళలోంచి బయటపడేసరికి మాఘం, నాటిన పైరు కోతకు రాకముందే మళ్ళీ నీళ్ళు. ఆరేళ్ళు వేశారు, ఆరేళ్ళూ పోయింది.

నేను గూడెంలో బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాను. బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. లెక్కలు తవుడు బస్తాల మీద కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. ఈ భూమికి బదులు మెరకన ఎక్కడైనా ఇమ్మని అర్జీలు రాసింది నేనే. అర్జీ పెట్టినప్పుడల్లా తనిఖీకి వచ్చేవారు. మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ వైశాఖంలోనే. అప్పుడైతేనే బండి నడుస్తుంది, బూట్లు తడవవు. పొడినేల మీద నిలబడి, నీళ్ళెక్కడివయ్యా అని అడిగి వెళ్ళేవారు.

సరేనని ఒక వెదురుగెడకి అడుగులు, అంగుళాలు గీసి దిబ్బ పక్కన పాతించాను. ఏడాది పొడుగునా ప్రతి సోమవారం నీటిమట్టం అక్క పిల్లల చేత చూపించి రాయించాను. యాభై రెండు వరసలు. కొత్తగా వచ్చిన రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఆ పుస్తకం తిరగేసి, సర్వే పరీక్ష ప్యాసయ్యావా అని అడిగాడు. లేదండి అన్నాను. పుస్తకం మూసేశాడు. యాభై రెండు వరసలు చేయలేని పని కొర్రమేను చేసింది. మా అక్క పులుసు బాగా పెడుతుందని ఎవరో చెబితే ఆశ్వయుజంలో పడవ మీద వస్తానన్నాడు.

ముందురోజే బావగారికి చెప్పాను, మీరేమీ మాట్లాడకండి, పడవలో కూర్చోండి చాలు, నీళ్ళు ఆయనకే కనబడతాయి అని. భూమి మారితేనే ఆయన ఇంటిపట్టున ఉండేది. లేకపోతే గూడెం వచ్చి మిల్లులో వాచ్‌మన్‌గా చేరడం తప్ప దారి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

దిబ్బ దగ్గర పడవ ఆగింది. నా గెడ మీద నీళ్ళు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఇన్‌స్పెక్టరు గొడుగు కింద కూర్చుని దిబ్బ మీది రాయి చూశాడు.

"మిగతా మూడు రాళ్ళేవి?"

"నీళ్ళలో ఉన్నాయండి. ఆ సంగతి చూపించడానికే గదండీ తమరిని రమ్మన్నది."

"ఉన్నాయని నువ్వంటే ఎలా? నాకు కనబడాలి గదా."

పక్కనున్న బిళ్ళ బంట్రోతు, సిపాయిగారు సముద్రాలు దాటొచ్చారు గదండీ, ఇదెంత అన్నాడు. ఇన్‌స్పెక్టరు బావగారి వైపు తిరిగి, రాళ్ళు చూపించవయ్యా అన్నాడు. నేను తల తిప్పేసరికే ఆయన చొక్కా విప్పి నాలుగు మడతలు పెట్టారు. చెయ్యి పట్టుకున్నాను.

"బావగారూ, వద్దండి."

"అడిగారు గదయ్యా," అని దిగిపోయారు.

ఒక్కో వైపు నాలుగు వందల అరవై ఏడు అడుగులు. ఆయన ఈదుతుంటే పడవ వెనక వెళ్ళింది. ఒకచోట మునిగి లేచి, రాయి మీద నిలబడి, మూడు వేళ్ళ చెయ్యి ఎత్తి, "ఇది రెండోదండి" అన్నారు. నీళ్ళు రొమ్ము దాకా ఉన్నాయి. మూడోది కూడా అలాగే చూపించారు. నాలుగోదాని దగ్గర నాచు కాళ్ళకు చుట్టుకుంది, రెండుసార్లు మునిగారు. అదీ చూపించారు. ఇన్‌స్పెక్టరు చాలా సంతోషించాడు. ఇంటికొచ్చి పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

నలభై రోజులకు జవాబు వచ్చింది. నేనే చదివి వినిపించాను. హద్దురాళ్ళు నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయనీ, పట్టాదారు స్వయంగా చూపించాడనీ, భూమి అతని స్వాధీనంలోనే ఉన్నదనీ, మార్చవలసిన కారణం కనబడలేదనీ ఉంది. నీళ్ళ ప్రసక్తి ఒక్క అక్షరం లేదు.

"చూపించకపోతే ఏం పోయేదండీ?" అంది మా అక్క.

"అడిగితే చూపించకుండా ఎలా ఉంటానే?" అన్నారు బావగారు. కాసేపటికి, నాలుగూ ఉన్నాయని రాశాడు గదా, అందులో అబద్ధమేముందని కూడా అన్నారు. ఆయన్ని బస్రా పంపినవాళ్ళు మనిషిని బాగానే ఏరుకున్నారు. అయితే ఆ ఇన్‌స్పెక్టరుని పడవెక్కించినవాణ్ణి నేను, కనక నా తెలివికీ మార్కులు వేయక్కర్లేదు.

ఆ నెలాఖరుకి ఆయన మిల్లులో చేరారు. కాటా పక్కన మంచం వేయించాను. పున్నమికీ అమావాస్యకీ రైల్లో ఇంటికి వెళతారు, నెలకు రెండు రాత్రులు. తెల్లారి బయలుదేరేముందు చిన్నపిల్లకు జడ వేసి వస్తారు, పదిహేను రోజులు ఊడకుండా గట్టిగా లాగి. నొప్పి పుడుతున్నా అది కిక్కురుమనదని మా అక్క చెబుతుంది.

మొన్న మళ్ళీ అర్జీ రాశాను. ఈసారి దిబ్బ మీది పదకొండు సెంట్లూ మినహాయించాను, అవి నిజంగానే ముట్టాయి కాబట్టి. ఈ రోజుకి మా బావగారికి సర్కారు ఇవ్వవలసిన నేల నాలుగు ఎకరాల ఎనభై తొమ్మిది సెంట్లు.