పిట్ట ముట్టిందని చెప్పలేదు

పెత్రమాస నాడు పొద్దెక్కకముందే మా వీధంతా మసాలా వాసన నిండిపోతుంది. దేవరకొండలో ఆ రోజు ప్రతి ఇంటి గోడ మీదా చనిపోయిన పెద్దల పేరు చెప్పి విస్తరి పెడతారు. అందులో మాంసం ఉండి తీరాలి. మొన్న మా గోడ మీద జొన్నరొట్టె, పప్పు, గోంగూర పెట్టి వెనక్కి తిరిగేసరికి పక్కింటాయన పలకరించాడు. "ఏం అంజయ్యా, మీ పెద్దలకు షుగరొచ్చిందా? గింత పథ్యం పెట్టినవ్" అన్నాడు. "మా పెద్దలు తింటరన్నా, నాకెర్కే" అన్నాను. ఎలా తెలుసో అతనికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. మా పెద్దబాపు చనిపోయిన మూడోనాడు ఇలాంటి విస్తరినే పిట్ట ముట్టింది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ముట్టలేదని ఊరంతా అంటుంటే నోరు మూసుకున్నాను. ఆ నింద మా నర్సమ్మ పెద్దమ్మ ఏళ్ళ తరబడి మోసింది. "మొగన్ని ఆకలితోని తోలింది" అని ఆమె గురించి మా పల్లెలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అది అబద్ధం.

నర్సమ్మ పెద్దమ్మ మా బాపుకు వరసకు అన్న అయిన లింగయ్య పెద్దబాపు భార్య. మాది దేవరకొండ దాటి గుట్టల వైపు పోతే వచ్చే చిన్న పల్లె. తరతరాలుగా గొర్లు కాసుకునే కుటుంబాలం. పెద్దబాపుకు, పెద్దమ్మకు పిల్లలు లేరు. నన్ను ఎత్తుకు తిరిగింది, గొర్రెపిల్లను ఎలా పట్టుకుంటే దానికి నొప్పి తెలియదో నేర్పింది ఆమే. పెద్దయ్యాక నేను దేవరకొండలో బోరు మోటార్ల వైండింగ్ దుకాణం పెట్టుకున్నా, పండుగలకు మాత్రం పల్లెకే పోయేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో జరిగిన ఎల్లమ్మ పండుగ నాకు బాగా గుర్తు. మా వైపు యాటను, అంటే బలిచ్చే గొర్రెను, కోసే ముందు దాని మీద పసుపు నీళ్ళు చల్లి ఆగుతారు. అది ఒళ్ళు దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. ఆ ఏడు యాటను పట్టుకున్నది నేను. నీళ్ళు చల్లితే అది కదల్లేదు. మళ్ళీ చల్లారు. రాయిలా నిలబడింది. డప్పులు ఆగిపోయాయి, వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఇలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. అరచేతిలో నీళ్ళు పట్టి దాని చెవిలో పోశాను. తల నుంచి తోక దాకా దులుపుకుంది. "ఒప్పుకున్నది" అన్నారు, కత్తి దిగింది. అది పెద్దమ్మ మందలో పెరిగిన యాట.

బోనం దించి ఆమె నా పక్కకు వచ్చింది. "అది ఒప్పుకున్నదా అంజీ, నువ్వు ఒప్పించినవా?"

"అందరు గట్లనే చేస్తరు గద పెద్దమ్మా."

"చేస్తరు. నేను గూడ చేసిన. వానకు గూడ అది గట్లనే దులుపుకుంటది బిడ్డా. వానొచ్చి కోసుకతింటదా?"

ఆ రోజు ఆమె మాంసం ముట్టలేదు. తరువాత కూడా ముట్టలేదు. గుడ్లు మానేసింది, పాలు పిల్లలవే అని వదిలేసింది. కోతకు గొర్రెను అమ్మడం మానేసింది. మంద పెరగకుండా పొట్టేళ్ళను వేరుగా ఉంచి, మందను రైతుల చేన్లలో రాత్రిళ్ళు నిలిపేది. ఆ ఎరువుకు బదులు వాళ్ళు జొన్నలో, కందులో కొలిచేవారు. ఊరు ఊరుకుంటుందా? "గొర్లకు పింఛనిస్తున్నవా నర్సమ్మా?" అన్నారు. "మాలేసుకున్నవా, ఎప్పుడిడుస్తవ్?" అన్నారు. పెద్దకులపోళ్ళ వేషాలని కూడా అన్నారు. ఆ మాటకు మాత్రం ఆమె తలపాగా చుట్టినట్టు కొంగు తలకు చుట్టుకుని నిలబడి జవాబిచ్చింది. "నేను ఇంకొకల లెక్క కావాల్నని ఇడువలే. గొర్రెను చూసి ఇడిసిన. నీకు కనవడకపోతే నేనేం జెయ్యాలె?" పెద్దబాపును మాత్రం ఆమె ఎన్నడూ ఆపలేదు. "నీ నోరు నీది, నా పొయ్యి నాది" అనేది. ఆయన నవ్వుకుంటూ ఆదివారాలు మా బాపు ఇంట్లో మాంసం కూర తిని పోయేవాడు.

ఆయన పోయినప్పుడు కొరివి నేనే పెట్టాను. మూడోనాడు పిట్టకు పెట్టాలి. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు. ఆయనకు ఇష్టమైనది మాంసమని అందరికీ తెలుసు. పెద్దమ్మ తెచ్చిన గిన్నెల్లో ఉన్నది రొట్టె, పప్పు, వంకాయ కూర.

మా బాపు మల్లయ్య కులపెద్ద. "వదినె, ఇది న్యాయం గాదు. నీ మందల నుంచి ఒక్క యాటను తీయి" అన్నాడు.

"తియ్య మల్లయ్యా."

"అన్న ఆకలితోని పోతడు."

"పోతే గా పాపం నాది. యాటను కోస్తే గది గూడ నాదే. ఒక్కటి మోస్త. రెండు మొయ్య."

అందరూ ఆమె చుట్టూ చేరి అరుస్తున్నారు. విస్తరి పెట్టి చివరగా వెనక్కి వస్తున్న నేను ఎందుకో తిరిగి చూశాను. కాకి వాలింది. పప్పులో తడిసిన రొట్టె ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చి ఇంకో ముక్క తీసుకుంది. అటు ఒక్కరూ చూడలేదు. కాసేపటికి బాపు విస్తరి వైపు చూసి, "పిట్ట ముట్టలే" అని తేల్చేశాడు. మా ఇంటి నుంచి మాంసం తెప్పించి పక్కన పెట్టించాడు. ఈసారి రెండు మూడు కాకులు వాలాయి. అందరూ చూశారు. ఇంకేం కావాలి?

బాపుకు భయపడి ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ రోజు ఆమె ఓడిపోవాలని నాకు ఉండింది. ఆమె మాట నిలబడితే, చెవిలో నీళ్ళు పోసిన నా చెయ్యి ఏమవుతుంది?

మరుసటి ఏడు ఎల్లమ్మకు ఆమె బోనం తేవద్దని ఊరివాళ్ళు అన్నారు. ఆమె రావడం మానలేదు. బోనం నెత్తిన పెట్టుకుని వచ్చి, గుడి బయటే దించి, మొక్కి పోయేది. ఎవరి ముందూ తల వంచలేదు. కానీ పెత్రమాస వస్తే గోడ మీద రొట్టె, పప్పు పెట్టి, పిట్ట వస్తుందేమోనని ఎండలో అలాగే కూర్చునేది. ఒకసారి నేను పోయినప్పుడు గోడ వైపు చూస్తూనే మెల్లగా అడిగింది.

"అంజీ, ఆనాడు నువ్వు విస్తరి కాడనే ఉంటివి గద. జర గూడ ముట్టలేదా?"

"నేను చూడలే పెద్దమ్మా" అన్నాను.

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో అంత చిన్నది లేదు, అంత నీచమైనదీ లేదు. ఆ రోజు ఇంటికి పోయి కంచం ముందు కూర్చుని, మాంసం కూర పక్కకు జరిపి ఉత్త అన్నం తిన్నాను. నేను మాంసం మానింది అలా. ఎవరి బోధనలూ వినలేదు, ఏ దీక్షా పట్టలేదు. మనిషిని మోసం చేసిన నేనే గొర్రెనూ మోసం చేశానని అర్థమైంది, అంతే. ఇప్పుడు నన్నూ వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. తెలంగాణలో పుట్టి మాంసం తినకపోతే ఎలా అంటారు. నర్సమ్మ పెద్దమ్మ ఎక్కడ పుట్టిందని వాళ్ళ అభిప్రాయమో నాకు తెలియదు. హింస చెయ్యనని చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదని, వద్దన్నచోట వద్దని నిలబడితే చాలని ఆమె దగ్గర నేర్చుకున్నాను. నిలబడడానికి మాత్రం నాకు ఏళ్ళు పట్టింది.

పోయిన ఏడు మా బాపు పోయాడు. మూడోనాడు విస్తరిలో నేను రొట్టె, పప్పు పెట్టాను. మా చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కులపెద్దకు గిదేనారా? ముట్టకపోతే?"

"ముట్టకున్నా యాటను కొయ్య చిన్నాయినా."

అందరూ అక్కడే ఉన్నారు. పెద్దమ్మ కర్ర పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉంది. పిట్ట ఇంకా రాలేదు. అది రాకముందే చెప్పాలనుకున్నాను. వచ్చాక చెబితే దాని చాటున దాక్కున్నట్టే. అందరికీ వినబడేలా చెప్పాను. లింగయ్య పెద్దబాపు మూడోనాడు ఆమె పెట్టిన విస్తరిని పిట్ట ముట్టిందని, మా బాపు మాంసం తెప్పించకముందే ముట్టిందని, నేను కళ్ళారా చూశానని. చిన్నాయన చెయ్యి వదిలేశాడు. ఎవరో "గిన్నేండ్లకా?" అన్నారు.

పెద్దమ్మ నా వైపు రెండడుగులు వేసింది. తిడుతుందనుకున్నాను.

"ఏం తిన్నడురా?" అంది.

"రొట్టె, పప్పు తిన్నడు పెద్దమ్మా. మళ్ళొచ్చి ఇంకింత తీస్కపోయిండు. నేను చూసిన. నువ్వడిగితే చూడలేదన్న. నా తప్పు కాపాడుకుంటందుకు నిన్ను గిన్నేండ్లు గోడ కాడ కూసోవెట్టిన. తప్పైంది పెద్దమ్మా."