చిలుక లేని జోస్యం

1944లో నన్ను శంషాబాద్ దగ్గరి ఒక చిన్న రైల్వే స్టేషన్‌కు సిగ్నల్ మెకానిక్‌గా వేశారు. బందరులో టెక్నికల్ చదువు ముగించి, ఉద్యోగం కోసం హైదరాబాదు రాజ్యానికి వచ్చినవాణ్ణి. స్టేషన్‌కు రెండు పక్కలా ఉన్న సిగ్నళ్లు, వాటిని లాగే తీగలు, ఆ తీగలు దొర్లే కప్పీలు, సిగ్నళ్ల దీపాలు, ఇవి నా బాధ్యత. నా మాట తీరు వేరు కావడంతో ఊళ్లోవాళ్లు నాకు మర్యాద ఇచ్చేవారు. ఆ మర్యాదతోనే దూరంగా ఉండేవారు. కొన్ని రోజులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేను ఎవరితోనైనా మాట్లాడానా అని లెక్క చూసుకుంటే, రైలు వస్తోందన్న మాట తప్ప మరేమీ తేలేది కాదు.

కానీ ఈ వ్యాసం సిగ్నళ్ల గురించి కాదు. ఆ ఒంటరితనంలో నేను నేర్చుకున్న రెండో పని గురించి. అది టారో కార్డులు చదవడం.

నేర్పినవారు హెన్రీ గారు. రైళ్లలో గార్డుగా చేసి రిటైరై, బుద్వేల్ స్టేషన్ దగ్గర ఒక పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఆంగ్లో ఇండియన్. భార్య పోయారు. లైను చూసుకుంటూ బుద్వేల్ దాకా వెళ్లినప్పుడల్లా నన్ను పిలిచి టీ ఇచ్చేవారు. టీ కప్పులు పక్కకు జరిపి, తల్లి ఇచ్చిపోయిన డెక్ తీసేవారు. డెక్ అంటే మొత్తం కార్డుల కట్ట. అందులో డెబ్బై ఎనిమిది బొమ్మలు. ఇరవై రెండు పెద్దవి, మిగతావి చిన్నవి. కార్డు తలకిందులుగా వస్తే రివర్స్‌డ్ అంటారు, అర్థం మారుతుంది.

నాకు ఇది బాగా నచ్చింది. అన్నిటికీ అర్థాలు పట్టిక వేసి, తంతి కోడ్ నేర్చుకున్నట్టే బట్టీ పట్టాను. నెలలోపే అప్పజెప్పాను. హెన్రీ గారు నవ్వారు.

"శభాష్ బాబూ. టైం టేబుల్ తయారైంది. ఇంక రైలేది?"

"అంటే?"

"అడగడానికి వచ్చినవాడి చేతికి డెక్ ఇవ్వు. వాడే కలపాలి. దాన్ని షఫుల్ అంటాం. వాడు తనంతట తాను ఆపేదాకా చాలని అనకు. కార్డు వాడే తీయాలి. నువ్వు ముట్టుకుంటే అది నీ కార్డు అవుతుంది."

ఇది యంత్రం వాడే విధానం లాంటి నియమమని అనుకున్నాను. కారణం అడిగితే, "ఒకరోజు తెలుస్తుందిలే" అన్నారు. ఆ చలికాలం ఆయన బెంగుళూరులోని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ డెక్ నా చేతిలో పెట్టారు. బుద్వేల్‌లో టీ తాగే ఇల్లు కూడా నాకు లేకుండా పోయింది.

ఇక మిగిలింది బాలయ్య ఒక్కడే. అతను కల్లు గీసే గౌడు. రోజూ పొద్దున్నే నేను కప్పీకి నూనె వేయడానికి సిగ్నల్ స్తంభం ఎక్కేసరికి, కంచె అవతలి తాటివనంలో అతను చెట్టు మీద ఉండేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే మోకు అనే తాడు, పాదాలకు గుజి అనే పలుపు, మొలకు కత్తి. నన్ను చూడగానే చెయ్యి ఎత్తేవాడు. నేనూ ఎత్తేవాణ్ణి. అంతే. నేల మీద మేం మాట్లాడుకున్నది చాలా తక్కువ. అయినా స్తంభం దిగేటప్పుడు ఆ రోజు మొదలైందని అనిపించేది.

ఎండలు ముదిరే వేళ ఒక పొద్దున ఆ చెయ్యి లేవలేదు. చెట్టు మీద అతనున్నట్టే ఉంది, ఎదురెండలో ఆకారం సరిగా తెలియలేదు. నేను రెండుసార్లు ఎత్తి చూసి, కొంచెం చిన్నబుచ్చుకుని దిగి వచ్చాను. మర్నాడు అతను రాలేదు. గుజి జారి, ఒక కాలు మట్టల్లో ఇరుక్కుని, మోకు ఆపడంతో తలకిందులుగా వేలాడాడనీ, చాలాసేపటికి ఇంకో గౌడు చూసి దించాడనీ రైలు గేటు దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. కాలి వాపు తగ్గింది. బాలయ్య మాత్రం మళ్లీ చెట్టెక్కలేదు.

కొన్నాళ్లకు అతని భార్య యాదమ్మ నా క్వార్టరుకు వచ్చింది. లైను పక్కన నీడలో కూర్చుని కల్లు అమ్మే మనిషి. నేను వరండాలో కార్డులు పరుచుకోవడం ఎప్పటినుంచో చూస్తోంది.

"సారూ, నువ్వు జోస్యం చెప్తవంట గద. జర మాది గూడ చూడరాదు."

"ఏమి అడగాలమ్మా?"

"కల్లు గుత్తేదారు మనిషి ఐతారం నాడు వస్తడు. మా ఇంటాయన ఎక్కుతనంటే చెట్లు మాకే. ఎక్కనంటే ఇంకోనికి రాసిస్తడు. మా ఆయన ఏమంటలేడు. మూతి ముడుచుకోని గోడకు కూసుంటున్నడు. కాటమయ్యకు మొక్కినం, కోడిని కోసినం. కులపోళ్లేమో 'ఎక్కమను, లేకుంటే మొగోడేంది' అంటున్నరు. నేను ఎక్కమనాల్నా, వద్దనాల్నా?"

డెక్ ఆమె ముందుకు జరిపి కలపమన్నాను. ఆమె చేతులు వెనక్కు తీసుకుంది.

"అయ్యో, నేనెందుకు ముడ్త? చిలుకేది?"

"దీనికి చిలుక ఉండదమ్మా. నువ్వే కలిపి తీయాలి."

"గిదేం జోస్యం సారూ? అడిగెటోళ్లు ముడితే చెడిపోదా? మా అంగట్ల జోస్యమాయన చిలుకతోటే తీపిస్తడు. నువ్వే తియ్యి. నువ్వే చిలుక."

అని నవ్వింది. నేనూ నవ్వాను. ఎంత చెప్పినా ముట్టుకోలేదు. చిలుక జోస్యంలో అడిగేవాళ్లు కార్డు ముట్టకపోవడమే పద్ధతి. ఆమెకు తెలిసిన పద్ధతిలో ఆమె సరిగానే ఉంది. చివరికి నేనే కలిపి, నేనే ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను.

ఒక కాలికి కట్టిన తాడుతో కొమ్మనుంచి తలకిందులుగా వేలాడుతున్న మనిషి.

యాదమ్మ చప్పున కొంగు దాని మీద కప్పేసింది. "అవ్వో! గిదేంది సారూ? మా ఆయనే గద!"

నా పట్టిక ప్రకారం అది చెడ్డ కార్డు కాదు. ఆగిపోవడం, వేచి ఉండడం, లోకాన్ని మరో వైపునుంచి చూడడం. చావు కాదు. అదే చెప్పాను. "భయం లేదమ్మా. కొంచెం ఆగమంటోంది అంతే. తర్వాత..."

తర్వాత ఎక్కవచ్చు అనబోయాను. ఆ మాట నా నాలుక చివర ఎంత సిద్ధంగా ఉందో చూసి నేనే ఆగిపోయాను. కార్డులు కలుపుతున్నంతసేపూ నా మనసులో ఉన్నది ఆమె ప్రశ్న కాదు. ఆ చెయ్యి మళ్లీ లేస్తుందా అన్నదే. డెక్ నా చేతిలో ఉంది, ప్రశ్న నాది, కార్డు నాది. హెన్రీ గారి నియమానికి కారణం నాకు అప్పుడు తెలిసింది.

"యాదమ్మా, ఈ కార్డు లెక్కలోకి రాదు. బాలయ్యను రమ్మను. అతనే ముట్టుకోవాలి."

"ఆయనకు ఎరుకైతే నన్ను తిడ్తడు. చిలుక ఉన్నోడే నయం, రెండు ముక్కలల్ల చెప్పి పంపుతుండె." కొంగు సర్దుకుని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం బాలయ్య వచ్చాడు. నేల మీద అంత దగ్గరగా అతన్ని చూడడం నాకదే మొదటిసారి. చెట్టు మీద కనిపించినంత పొడుగు కాడు. యాదమ్మ మెట్టు మీద కూర్చుంది.

"నన్ను ఉల్టా ఏలాడదీసిన బొమ్మ ఉన్నదంట గద నీ తాన. సూపెట్టు సారూ."

చూపించాను. చాలాసేపు చూశాడు. "ఈనె మొకం సూడు. ఏం పరేషాన్ లేదు. నేను గిట్ల లేను," అన్నాడు.

డెక్ అతని చేతిలో పెట్టాను. కలపడం రాలేదు. కాయలు కాసిన వేళ్ల మధ్యనుంచి కార్డులు జారి ఒళ్లో పడ్డాయి. ఏరుకుని మళ్లీ మొదలుపెట్టాడు. చాలనబోయి నోరు మూసుకున్నాను. అలా కలుపుతూ కలుపుతూ, కార్డుల వైపే చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టాడు.

"పడుడంటే నాకు భయం లేదు సారూ. మా నాయిన గూడ పడ్డడు. ఆ దినం ఎంత ఒర్రినా ఎవనికీ ఇనపడలే. రైలు పోయింది. కిటికీలల్ల మంది కనపడుతున్నరు, ఒక్కడు మీదికి సూడలే. సిగ్నల్ కంబం మీద నువ్వు గూడ ఉల్టానే కనపడ్డవ్."

ఒళ్లో పడిన ఇంకో కార్డు ఏరుకున్నాడు.

"నువ్వు చెయ్యెత్తినవ్. నా రెండు చేతులు మోకుకే పట్టుకోని ఉన్నయ్. ఇడిస్తే అయిపోయె. నువ్వు మల్ల ఎత్తినవ్. ఇగ దిగిపోయినవ్. గప్పుడు నాకేమనిపించిందో ఎరికేనా? రేపటి సంది ఈ సారు ఎవనికి చెయ్యెత్తుతడు పాపం, అనుకున్న."

మెట్టు మీదినుంచి యాదమ్మ అంది, "నాకొక్క ముక్క చెప్పలేదు గద నువ్వు."

"ఏం చెప్పాలె? ఎక్కాలంటే కాళ్లు వస్తలెవ్వని చెప్పాల్నా? చెట్టు సూస్తె ఆ ఒర్రుడే యాదికొస్తుందని చెప్పాల్నా?"

"చెప్తె ఏమాయె? నేనేమన్న కులపోళ్లనా, మొగోడివేందని అడుగుతనా? అత్తాపూర్ల మా తమ్ముడు తోటల మనిషి కావాల్నని ఎన్నొద్దుల సంది అంటున్నడు."

బాలయ్య చేతులు ఆగాయి. నా వైపు చూశాడు. "నువ్వేమంటవ్ సారూ?"

ఇలాంటి చోట ఏం చెప్పాలో నా పట్టికలో లేదు. నా మనసులో ఉన్నదే చెప్పాను. "నన్ను అడగకు బాలయ్యా. నువ్వు చెట్టు మీద ఉంటేనే నాకు బాగుంటుంది. అందుకే నా మాట పనికిరాదు."

"గది నాకెరికే," అని నవ్వాడు. కార్డుల అంచులు అరచేత్తో తట్టి సరిచేసి, కట్టను నా ముందు పెట్టాడు.

"ఒకటి తీయవా?" అన్నాను.

"ఇగ తీసుడెందుకు? అయిపోయింది గద."

ఆదివారం గుత్తేదారు మనిషి వచ్చి, ఆ చెట్లు వేరే అతనికి రాసిచ్చాడు. కులంవాళ్లు బాలయ్యను ఏమన్నారో నేను వినలేదు. రెండు రోజుల తర్వాత అత్తాపూర్ తోటకని పొద్దుటి బండికి వాళ్లు సామాను ఎక్కించుకున్నారు. ఆ వేళకు నేను స్తంభం మీద ఉన్నాను. బండి నా కిందినుంచి పోతుంటే ఒక కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చి పైకి లేచింది. నేనూ ఎత్తాను. బండి వంపు తిరిగేదాకా అది లోపలికి పోలేదు.

ఇప్పటికీ అడిగిన కొద్దిమందికి కార్డులు చూస్తూనే ఉన్నాను. అర్థాల పట్టిక అలాగే ఉంది, అవసరమే. కానీ ఎవరైనా వచ్చి కూర్చుంటే ముందు డెక్ నేను తీసుకుని, వాళ్లు ఏం చెబితే నాకు సంతోషమో ఒకసారి తరచి చూసుకుంటాను. అది తేలాక డెక్ వాళ్ల చేతికిచ్చి, నా చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. చిలుక కావాలని పట్టుబట్టినవాళ్లను అంగడిలోని జోస్యమాయన దగ్గరికే పంపుతాను. కలపడానికి ఒప్పుకున్నవాళ్లలో చాలామంది కార్డు తీయకముందే చెప్పాల్సింది చెప్పేస్తారు. కావలసింది వినే మనిషి, చేతులకు కాస్త పని.

బాలయ్య చెట్లు ఇప్పుడు గీస్తున్నతని పేరు నాకు తెలియదు. పని బాగా తెలిసినవాడే. నేను స్తంభం ఎక్కే వేళకే అతనూ ఎక్కుతాడు. చెట్టుకు అవతలి వైపు తిరిగి గీస్తాడు.