మైకక్క గోడకెక్కించిన తెర

ఆ కార్యాలయంలో పదహారేళ్లపాటు జనాన్ని పిలిచింది ఒకే గొంతు. పత్రాల నకళ్ల కోసం వచ్చినవాళ్లు హాల్లో ఏ మూల కునుకు తీస్తున్నా, "నలభై రెండూ!" అని ఆవిడ కేకేస్తే ఉలిక్కిపడి లేచేవాళ్లు. మైకు చేయాల్సిన పని మనిషే చేస్తోంది కనుక అందరూ ఆవిడని మైకక్క అన్నారు. అసలు పేరు జీతాల పట్టీలో మాత్రం మిగిలింది.

ఆ గొంతులో కాయలాంటిదేదో లేచింది. "ఆరు నెలలు అరవకండి. అరిస్తే ఆ తర్వాత అరవడానికేమీ మిగలదు," అన్నాడు డాక్టరు. "పోనీలే, ఇన్నాళ్లకి టీవీలో ఏమంటున్నారో వినబడుతోంది," అని ఇంట్లో అత్తగారు సంబరపడింది.

ఆఫీసులో అంత తేలిగ్గా పోలేదు. పెద్ద సారు పిలిచి, "పిలవలేకపోతే కిటికీ దగ్గరేం పనమ్మా? ఒకటో తారీఖు నుంచి కింద రికార్డు గదిలో కూర్చో. హాయిగా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు," అన్నాడు.

రికార్డు గది నేలమాళిగలో ఉంది. ఒక ఫైలు కదిపితే చాలు, దుమ్ము పొగలా లేస్తుంది. ఉన్న కాస్త గొంతూ అక్కడ పోవడం ఖాయం. ఇలాంటి బదిలీలకి విశ్రాంతి అనీ సేవ అనీ పేర్లు పెట్టి మెచ్చుకునేవాళ్లకి కొదవ లేదు. వాళ్లలో ఒక్కరూ ఆ గదిలో ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు.

స్టోరులో విరిగిన కుర్చీల వెనక ఏడాదిన్నరగా ఒక అట్టపెట్టె పడి ఉంది. అందులో పెద్ద తెర ఉంది. దాన్ని కొన్న రోజు పక్కన నిలబడి అందరూ ఫోటో దిగారు. గోడకి తగిలించే పని ఎవరిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

"నేను పెట్టిస్తాను సార్. నంబర్లు అది చూపిస్తుంది, నేను కిటికీ దగ్గరే ఉండి నడిపిస్తాను," అంది మైకక్క లోగొంతుకతో.

సారు నవ్వాడు. "ఒకటో తారీఖులోగా పనిచేస్తే ఉండు."

పద్దెనిమిది రోజులున్నాయి. కరెంటు పనులు చూసే ముసలాయన్ని ఆఫీసంతా బాబాయి అంటుంది. ఆయన పెట్టె విప్పి తల గోక్కున్నాడు. "తగిలించడం వరకూ నాది, అమ్మాయ్. అందులో అంకెలు పుట్టించడం మా తాతకి కూడా రాదు."

"మేకులు నువ్వు చూసుకో బాబాయ్. అంకెల సంగతి నేను చూస్తా."

మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని, పెట్టెలో వచ్చిన పుస్తకం అక్షరం వదలకుండా చదివింది. అర్థం కానివి రెండో కౌంటరు టైపిస్టుని అడిగింది. ఆమె విసుక్కుంటే మర్నాడు మళ్లీ అడిగింది. మొదట్లో తెర పది నిమిషాలకోసారి నల్లబడిపోయేది. కార్యాలయం మూసేశారనుకుని జనం లేచి నిలబడేవాళ్లు.

"ఇదీ మనలాంటి ఉద్యోగే. కదిలించకపోతే కునుకు తీస్తోంది," అన్నాడు బాబాయి.

తెరని నడిపే కంప్యూటరుని నిద్రపోనివ్వని మీట ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. పట్టుకుంది.

అసలు చిక్కు నెలాఖరుకి మూడు రోజుల ముందు, తెర చక్కగా పనిచేయడం మొదలుపెట్టాక వచ్చింది. సారు గదికి ఒక పక్క తలుపుంది. ఆయన చీటీ పట్టుకుని అందులోంచి వచ్చేవాళ్లకి టోకెన్లుండవు. కేకల రోజుల్లో ఇరవై ఏడుకీ ఇరవై ఎనిమిదికీ మధ్య వాళ్లని చేసైగతో కిటికీ దగ్గరికి రప్పించేది మైకక్క. ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడలా కుదరలేదు.

"ఏమ్మా, తెరమీద ఇరవై ఎనిమిది వెలుగుతోంది," అంది సంచీ పట్టుకున్న ఒక పెద్దావిడ. "ఆ ఇరవై ఎనిమిది నేను. మరి కిటికీ దగ్గరున్నాయన ఎన్నో నంబరు?"

హాలంతా అదే ప్రశ్న అందుకుంది. సారు బయటికొచ్చాడు. "ఆపెయ్యి దాన్ని. జనాన్ని రెచ్చగొడుతోంది."

"ఆపితే నేను కిందికెళ్లాలి సార్."

"వెళ్లాలి మరి."

సారు లోపలికి వెళ్లగానే బాబాయి చెవిలో చెప్పాడు. "ఆ చీటీల వాళ్లక్కూడా ఏదో ఒక నంబరు తగిలించెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"చూడ్డానికే కదా బాబాయ్ గోడకెక్కించాం."

మర్నాడూ తెర వెలుగుతూనే ఉంది. పక్క తలుపులోంచి మొదటి మనిషి చీటీతో రాగానే మైకక్క మీట నొక్కింది. తెరమీద పెద్ద అక్షరాలు వెలిగాయి: సారుగారి మనిషి, ఒకటి.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అరవై మందికీ పాకింది. కిటికీ దగ్గరున్నాయన తలెత్తి చూసి, కాగితాలు మడిచి, టోకెన్ల బల్లవైపు నడిచాడు.

సారు పరుగున వచ్చాడు. "ఏమిటమ్మా ఇది?"

"వచ్చిన ప్రతివాళ్లనీ ఏదో ఒకటి అని పిలవాలి కదా సార్. ఇది బాగాలేకపోతే మరో మాట చెప్పండి, అదే పెడతాను." వేళ్లు మీటలమీద ఉంచి, ఆయన మొహంలోకి చూస్తూ ఆగింది.

సారు వెతికాడు. అత్యవసరం అందామంటే వచ్చినవాడు నింపాదిగా నకలు కాగితం కోసం వచ్చాడు. ప్రముఖులు అందామంటే వాడెవడో ఆయనకే సరిగ్గా తెలీదు. అరవై మందీ ఆ మాట కోసం ఎదురుచూస్తున్నారు.

"టోకెన్ తీసుకోమను," అన్నాడు చివరికి.

"ఎవర్ని సార్?"

"అందర్నీ!"

మైకక్క తర్వాతి నంబరు నొక్కింది.

ఒకటో తారీఖున ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంది. రికార్డు గది ఊసు సారు మళ్లీ ఎత్తలేదు, ఆవిడా గుర్తుచేయలేదు. ఖాళీ అట్టపెట్టెని ఎక్కడ పడేయాలో తోచక బాబాయి దాన్ని పక్క తలుపుకి అడ్డంగా నిలబెట్టాడు. దాన్ని తీయమని ఎవరూ అడగలేదు.