బోర్లా పరిచిన బిళ్లలు

పెద్దపల్లిలో మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు కింద బిళ్లలు చూసి తప్పకుండా అడుగుతారు, "గీ ఒక్క వరస గిట్లెందుకున్నది? మేస్త్రి తాగి ఏసిండా?" అని. మేస్త్రికేం రోగం, బుద్ధిమంతుడే. అలా వేయించింది మా అత్తమ్మ.

నేను కోడలిగా వచ్చేనాటికే ఆమెకు చూపు పోయింది. అయినా ఆ ఇంట్లో పెత్తనమంతా ఆమెదే. మంచం నుంచి వంటింటికి, అక్కడి నుంచి పెరటికి ఒక్కతే తిరిగేది. చేయి పట్టుకోబోతే కసిరేది.

"నాకు కండ్లు పోయినయి గని కాళ్లు పోలే పిల్లా."

నిజమే. ఆ ఇంటి గచ్చును పెళ్లయిన కొత్తలో వాడకట్టు ఆడవాళ్లతో కలిసి ఆమే కట్టెలతో కొట్టి కొట్టి గట్టిపరిచింది. ఎక్కడ నెర్రె ఉందో, ఎక్కడ గుంట పడిందో ఆమె పాదాలకు తెలుసు.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో మా ఆయనకు పట్నం మోజు పట్టింది. హైదరాబాదులో ఎవరింట్లోనో చూసి తెల్లటి పింగాణీ బిళ్లలు తెప్పించాడు. గచ్చు తవ్వితే ఇల్లంతా ఆగమవుతుందని దానిమీదే పరిపించాడు. నున్నటి గచ్చుకు సిమెంటు అంటదు కదా, మేస్త్రి ముందుగా ఉలితో దాని నిండా గాట్లు పెట్టాడు. ఆ చప్పుడుకు అత్తమ్మ ఏడుస్తుందేమోనని నాకు భయం. ఆమె అరుగు మీద కూర్చుని, "గట్టిగ కొట్టు బిడ్డా. మేం గూడ గట్టిగనే ఏసినం," అంది.

పని అయ్యాక ఇల్లు తళతళలాడింది. వాడకట్టంతా వచ్చి చూసి పోయింది. నాకూ మురిపెమే.

మర్నాడు అత్తమ్మ మంచం దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎటు తడిమినా ఒకటే నునుపు. గోడ పట్టుకుని పోయి నీళ్ల గోళెం దగ్గర జారి కూలబడింది. దెబ్బ తగల్లేదు గానీ, "గీ నేల నన్ను గుర్తుపడ్తలేదే," అంది. ఇక మంచం దిగలేదు. నన్ను పిలవడానికి మనసొప్పక దప్పికతోనే కూర్చునేది. అంత మనిషిని అట్లా చూడలేకపోయాను. "నీ బిళ్లల్ల మన్నువడ!" అని మా ఆయన మీద ఎగిరాను.

ఆయన తల్లి దగ్గర కూర్చుని, "అవ్వా, ఫికర్ చేయకు. అన్నీ పీకిపిస్త," అన్నాడు.

"పాగల్ గానివా? అందరు మంచిగున్నయంటుండ్రు. మిగిలిన బిళ్ల ఒకటి తే."

బిళ్లను వేళ్లతో తడిమింది. తిరగేసి, కింద పెట్టి, పాదం ఆనించింది. వెనకవైపు గరుకు గీతలున్నాయి. ముఖం విప్పారింది.

"మేస్త్రిని పిలువు. నా మంచం కాడికెల్లి వంటింటి దాక, ఆడికెల్లి పెరటి కడప దాక ఒక్క వరస పీకి బోర్ల ఏయమను."

మేస్త్రి తల గోక్కున్నాడు. "నున్నటి మొఖం సిమెంటుకు అంటదవ్వా. నలుగురు చూసి నవ్వుతరు గూడ."

"నా గచ్చుకెట్ల అంటిచ్చినవ్? దీనికి గూడ గట్లనే గాట్లు పెట్టు, జర మెల్లగ. నవ్వేటోళ్లు వచ్చి నాకు నీళ్లు ముంచిస్తరా?"

వాహ్, ఏం మనిషి! అంత దిగులులోనూ ఆమె బుర్ర పని మానలేదు.

కొన్ని బిళ్లలు పగిలినా, వరస పూర్తయింది. సిమెంటు ఆరాక అత్తమ్మ మంచం దిగి, పట్టాల మీద రైలు పోయినట్టు తిన్నగా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి దగ్గర ఆగి, "ఇంక ఎసరు పెట్టలే?" అని నన్ను గద్దించింది. తిట్టు తిని అంత సంతోషపడ్డ కోడలు కరీంనగర్ జిల్లా మొత్తంలో ఉండదు.

ఆ గీతల్లో ఇరుక్కున్న దుమ్ము తీయలేక నా నడుం పడిపోయింది, అబద్ధమెందుకు? ఆమె పోయాక మా ఆయన ఆ వరసను సరిచేయిద్దామన్నాడు. "ముట్టుకున్నవంటే చూడు," అన్నాను.

ఇప్పుడు నా కళ్లకూ మసక కమ్మింది. పొద్దున లేవగానే మంచం మీది నుంచే కాలు చాపి ఆ గరుకును వెతుక్కుంటాను. అది పాదానికి తగలగానే, "వస్తున్న అత్తమ్మా," అని పోయి ఎసరు పెడతాను.