ఎండకు నోరు తెరిచిన ఆకీ

బఫ్ బే ఊరికి ఇవతల, సముద్రం పక్క రోడ్డు మలుపులో మిస్ ఐసిల్డా పూటకూళ్ళ కొట్టు ఉండేది. నాలుగు గుంజలు, పైన రేకులు, రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి. రాజధాని కింగ్‌స్టన్ వెళ్ళే బస్సు తెల్లవారకముందే అక్కడ ఆగేది. ఆమె ఉప్పు చేప, ఆకీ కాయ తొనలు కలిపి వండితే ఆ వాసనకు పక్క పరగణాలో కుక్కలు గొలుసులు తెంచుకునేవి. మీరు నమ్మరని తెలిసే రుజువుకు ఒక గొలుసు దాచాను. మా ఆవిడ దాన్ని మేకకు కట్టేసింది.

మా వైపు అందరికీ దయ్యాలంటే భయం. మిస్ ఐసిల్డాకు ఆ భయం లేదు. ఒకసారి ఒక దయ్యం కొట్టు ముందుకొచ్చి నిలబడితే, "ఊరికే నిలబడే బదులు ఆ అరటికాయలు ఒలిచిపెట్టు" అందట. అది ఒలిచిందట. తొక్క మరీ మందంగా తీశావని తిట్టించుకుని మళ్ళీ ఇటు రాలేదట. ఆమె భయపడింది ఒక్కదానికే. ఆకీ కాయకు.

ఆకీ చెట్టు లేని పెరడు మాకు ఉండదు. కాయ ఎర్రబడాలి. కొమ్మ మీదే, తనంతట తాను మూడుగా విచ్చుకోవాలి. లోపలి పసుపు తొనలు, వాటి కొసన నల్లటి గింజలు బయటికి కనబడాలి. అప్పుడే కోయాలి. ముందే కోసి విప్పితే ఆ తొన విషం. ఈ సంగతి మా పిల్లలకు పాలపళ్ళు ఊడకముందే తెలుస్తుంది. మిస్ ఐసిల్డాకు ఇంకోలా తెలిసింది. ఆమె తొమ్మిదో ఏట పెద్ద గాలివాన వచ్చి తోటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆకలికి ఆగలేక ఇంట్లో పచ్చికాయలు విప్పి ఉడికించారు. నాలుగేళ్ళ తమ్ముడు విల్మట్ పొద్దున తిన్నాడు. మధ్యాహ్నం వాంతులు చేసుకున్నాడు. పొద్దు వాలేసరికి పిలిస్తే పలకలేదు. ఆ కాయలు విప్పినవి ఆమె చేతులే.

పద్నాలుగో ఏట అరటి గెలల రేవులో కూలీలకు వండడం మొదలుపెట్టిన నాటినుంచి ఆమె పరాయి చెట్టు ఆకీ ముట్టలేదు. పెరట్లో తనకు రెండు చెట్లు. తానే కోసేది, తానే ఒలిచేది. ఉడికించిన నీళ్ళను కోళ్ళు తిరగని చోట గొయ్యి తీసి పోసేది.

ఆమె భర్త మాస్ యూస్టస్ వడ్రంగి. పెళ్ళయినా కాకున్నా మా వైపు పెద్దవాళ్ళను, ఆడవాళ్ళయితే మిస్ అనీ మగవాళ్ళయితే మాస్ అనీ పిలుస్తాం. చాలా మంచివాడు. ఎంత మంచివాడంటే, సాయానికి వస్తున్నాడని తెలిస్తే ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేవాళ్ళు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఉత్తరపు గాలి మూడు రోజులు కొట్టింది. టెలిఫోన్ తీగలు తెగిపడ్డాయి. మిస్ ఐసిల్డా చెట్టు కొమ్మ ఒకటి విరిగింది. సరిగ్గా ఆ వారమే ఆమె కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. బుధవారం సాయంత్రం మాస్ యూస్టస్, "నువ్వు కూర్చో, కాయలు నేను ఒలుస్తా" అన్నాడు. నొప్పికి ఓర్చుకోలేక, నలభై ఏళ్ళలో మొదటిసారి, ఆమె సరేనంది.

మర్నాడు తెల్లవారుజామున లాంతరు వెలుగులో వండింది. బస్సు డ్రైవరు లాసెల్స్ ఎప్పటిలాగే మొదటి పళ్ళెం అందుకున్నాడు.

"మిస్ ఐసిల్డా, నన్ను చేసుకోండి. రోజూ కింగ్‌స్టన్ తిప్పుతా."

"నీ బస్సులో కింగ్‌స్టన్ చేరేసరికి నేను ముసలిదాన్నవుతా."

"ఇప్పుడేమిటట?"

ఆమె గరిటె ఎత్తింది. అతను నవ్వుతూ రెండో పళ్ళెం కూడా వేయించుకుని తిన్నాడు. బజారుకు ఆలస్యమవుతుందని ఆ రోజు బస్సులోవాళ్ళెవరూ తినడానికి దిగలేదు. ముప్ఫై మంది జనం, టాపు మీద దుంపల మూటలు, సీట్ల కింద కోళ్ళు. హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను ఒక పాత కారేసుకుని ఊరూరా కుట్టు మిషన్లు బాగుచేసుకుంటూ తిరిగేవాణ్ణి. వెలుగు వచ్చాక వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. పళ్ళెం పెట్టి, గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. నేను ఒక చెంచా నోట్లో పెట్టుకున్నానో లేదో, వెనక్కి వచ్చింది. చేతిలో ఒక ఆకీ తొక్క. ముడుచుకుపోయిన తొక్క. దాని కాడకు ఎండిన ఆకు ఇంకా అంటుకుని ఉంది. రెండో చేతిలో గింజలు. నల్లగా మెరవాల్సినవి పాలిపోయి ఉన్నాయి.

ఆమె మోచేతి విసురుకు నా పళ్ళెం ఎగిరి రోడ్డు మీద పడింది.

"తిన్నావా ఫిట్జ్?"

"ఒక చెంచా."

"మింగావా?"

"నోట్లో దాచుకునే అలవాటు నాకు లేదు, మిస్ ఐసిల్డా."

"యూస్టస్!" అని ఒక్క కేక పెట్టింది. మాస్ యూస్టస్ గడ్డం మీద సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు.

"ఇవి ఎక్కడివి?"

"విరిగిన కొమ్మవే. పారెయ్యడం ఎందుకని రేకు మీద పోశా. రెండు రోజుల్లో అన్నీ చక్కగా నోరు తెరిచాయి."

"చెట్టు తెరిచిందా, ఎండ తెరిచిందా?"

"తెరుచుకున్నాయిగా..." అనబోయి ఆగిపోయాడు. నురగ కింద అతని ముఖం నురగకంటే తెల్లబడింది.

ఆమె కుండ ఎత్తి గోతిలో బోర్లించింది. తిన్నవాళ్ళు ఎవరెవరో లెక్క వేసింది. నేను ఒక చెంచా. లాసెల్స్ రెండు పళ్ళేలు. మరి ఎవరూ లేరు. ఎవరూ లేరని ఊపిరి పీల్చుకుంటుండగా, లాసెల్స్ ఏం పని చేస్తాడో ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. అనాటో బే దాటాక ఆ బస్సు కొండ రోడ్డు ఎక్కుతుంది. ఒక పక్క బండ. ఇంకో పక్క లోయ, అడుగున వాగ్ వాటర్ నది. కళ్ళు తిరిగిన డ్రైవరు, ముప్ఫై మంది జనం.

"నీ కారు నడుస్తుందా?" అంది.

"నడుస్తుంది. ఆగడమే కష్టం."

"ఆగడం ఎవరికి కావాలి? పద."

సీసాలో నీళ్ళు పోసి గుప్పెళ్ళకొద్దీ ముడి చక్కెర వేసి కలిపింది. ఆకీ విషానికి మా పెద్దవాళ్ళకు తెలిసిన మందు అదొక్కటే. మాస్ యూస్టస్ కూడా ఎక్కబోతే, "ఎవరైనా ఆ కుండ ముట్టుకోకుండా ఇక్కడే కాపలా కూర్చో" అంది. అతను సబ్బు నురగతోనే కూర్చున్నాడు.

నా కారు బ్రేకులు ఆదివారం తప్ప పనిచేసేవి కావు. ఆ రోజు గురువారం. మలుపు మలుపుకూ నేను చిన్నప్పుడు సిస్టర్లు నేర్పిన మరియమ్మ ప్రార్థన చదువుతున్నాను. ఎనిమిదేళ్ళు కాన్వెంటులో బెత్తం దెబ్బలు తిన్నా సగమే వచ్చింది. ఆ సగమే మళ్ళీ మళ్ళీ చదివాను. దారి పొడుగునా ఆమె నా నోట్లో చక్కెర నీళ్ళు పోస్తూనే ఉంది.

"ఒక్క చెంచాకు మనిషి చస్తాడా, మిస్ ఐసిల్డా?"

"ఎంత చెంచా?"

"మామూలుదే."

ఆమె సీసా ఇంకాస్త ఎత్తి పోసింది. నేను ప్రార్థన ఇంకాస్త గట్టిగా అందుకున్నాను.

అనాటో బేలో అడిగితే బస్సు అరగంట కిందటే వెళ్ళిందన్నారు. కొండ రోడ్డు ఎక్కాం. ప్రతి మలుపులో ఆమె తల బయటపెట్టి లోయలోకి చూసేది. రోడ్డు వైపు అసలు చూడలేదు. ఒకచోట కింద వెదురు పొదల్లో ఏదో మెరిసింది. "ఆపు" అని నా మోచెయ్యి పట్టుకుంది. నా చొక్కా చెయ్యి ఆమె చేతిలోకి ఊడి వచ్చింది. చూస్తే అది నది మీద పడ్డ ఎండ. మళ్ళీ కదిలాం. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో వినబడలేదు. మధ్యలో ఒకసారి మాత్రం "విల్మట్" అన్నది వినిపించింది.

కాసిల్‌టన్ ఇంకా రెండు మైళ్ళు ఉందనగా బస్సు కనబడింది. ఆగి ఉంది. ముందు చక్రం రోడ్డు అంచు రాళ్ళ మీదకు ఎక్కింది. లాసెల్స్ బండకు చెయ్యి ఆనించి వాంతి చేసుకుంటున్నాడు. జనం దిగి చుట్టూ మూగారు. దుంపల బేరం చేసే ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని అంటోంది:

"రాత్రి తాగిందంతా రోడ్డు మీద పోస్తున్నాడమ్మా. ఇంకో సీసా తెచ్చివ్వండి, బజారు మూసేలోపు కింగ్‌స్టన్ చేరుస్తాడు."

"అవును, ఆ రమ్మే," అన్నాడు లాసెల్స్ మూతి తుడుచుకుంటూ. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "తగ్గిపోయింది. ఎక్కండి." అని సీటు వైపు నడిచాడు. రెండు అడుగులు అటు, ఒక అడుగు ఇటు.

ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. సీసా అతని చేతికిచ్చి, నీరసానికి తాగమని చెప్పి, పక్కన నిలబడితే చాలు. తప్పంతా రమ్ము మీదే పోయేది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె వెళ్ళి బస్సు మెట్టుకు అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరగండి, మిస్ ఐసిల్డా. ఇది మీ కొట్టు కాదు."

"నిన్ను పడేసింది రమ్ము కాదు లాసెల్స్. పొద్దున నేను పెట్టిన ఆకీ. చెట్టు మీద విచ్చని కాయ."

జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. దుంపల ఆవిడ మెల్లగా అంది, "నిన్న మా పిల్లలకు నీ దగ్గరే కదమ్మా కొన్నాను."

"నిన్నటిది మంచిదే. ఇవాళ్టిది నా తప్పు."

"మాస్ యూస్టస్..." అని నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకు మా కాన్వెంటు పెద్ద సిస్టరు కూడా బెత్తం దాచుకునేది. నేను నోరు మూసుకున్నాను.

లాసెల్స్ మెట్టు దగ్గరే కూలబడ్డాడు. నలుగురం ఎత్తి కారులో వేసి అనాటో బే ఆసుపత్రి వైపు తిరిగాం. దిగుడు దారి, బ్రేకులు లేవు. అయినా నాకు ఆ భయం గుర్తులేదు. వెనక సీట్లో ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని చుక్క చుక్కగా చక్కెర నీళ్ళు పోస్తోంది.

"లాసెల్స్, నన్ను చేసుకుంటానన్నావు. కళ్ళు తెరువు. నీ బస్సు ఎవరో తోలుకుపోతున్నారు, చూడు."

అతను మొదట ఊఁ అన్నాడు. తర్వాత ఊఁ కూడా లేదు. ఆమె పిలుస్తూనే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. పిలుపు ఆగితే ఏమవుతుందోనని వింటూ నడిపాను.

ఆసుపత్రిలో చేతికి సూది గుచ్చి సీసా చక్కెర ద్రవం ఎక్కించారు. నన్ను పరీక్షించిన డాక్టరు, నా కడుపులో ఉన్నదంతా భయమేనని చెప్పి పంపేశాడు. మిస్ ఐసిల్డా మంచం పక్కనుంచి లేవలేదు. ఎవరైనా ఏమైనా తింటావా అంటే తల తిప్పుకునేది. ఆ పగలంతా, మర్నాడు పొద్దెక్కేదాకా, అతని గుండె మీద గోరుచుట్టు చెయ్యి ఆనించి కూర్చుంది.

మర్నాడు తొమ్మిదింటికి లాసెల్స్ కళ్ళు తెరిచి, బస్సు ఎక్కడుందని అడిగాడు. కొండ మీదే ఉందని, కోళ్ళు దాన్లోనే ఒక విడత గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చున్నాయని చెప్పాను. నవ్వబోయి దగ్గాడు. బతుకుతాడని డాక్టరు అన్నాడు. నర్సు మొక్కజొన్న జావ తెచ్చి, తాగించమని గిన్నె మిస్ ఐసిల్డా చేతికిచ్చింది.

ఆమె చెంచా ముంచింది. అతను నోరు తెరిచాడు. చెంచా అతని పెదవి దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తీసుకుని తానే తాగి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

"ఆకలేస్తోంది, మిస్ ఐసిల్డా. అది వాళ్ళు కాచిన జావ."

"తెలుసు."

"మరి?"

"కాసేపు ఉండు."

అతను ఉన్నాడు. జావ చల్లబడి మీగడ కట్టింది. అప్పుడు పెట్టింది.

కొట్టు మూడు వారాలు మూసింది. తెరుస్తుందని ఎవరూ అనుకోలేదు, తెరిస్తే ఎవరైనా వెళతారనీ అనుకోలేదు. మొదట వెళ్ళి కూర్చున్నది లాసెల్స్. ఆమె తొలి పళ్ళెం తాను తిని, పొట్ట మీద చేతులు పెట్టుకుని గంటసేపు కూర్చుంది. ఆ తర్వాతే అతనికి వడ్డించింది. ఆమె పోయేదాకా, మరో పద్దెనిమిదేళ్ళు, ప్రతి పొద్దూ అదే పద్ధతి. బస్సు రోజూ గంట ఆలస్యం. సూర్యుడు కూడా మా వైపు గంట ఆలస్యంగానే లేచేవాడు. ఎక్కేవాళ్ళు సణుగుతూ బల్లల మీద కూర్చునేవాళ్ళు, కానీ కూర్చునేవాళ్ళు. గంట నిండాక కూడా ఆమె వెంటనే గరిటె ఎత్తేది కాదు. మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసేది. అప్పుడు వడ్డించేది.