బావమరిది లేని రోజు

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషను వెనక కాలనీలో ప్రభుదాస్ అంటే ఎవరికీ తెలియదు. నీళ్ళ దాసు అంటే మాత్రం కిరాణా కొట్టువాడు కూడా ఇల్లు చూపిస్తాడు. విశాఖ రేవులో సముద్రం అడుగున పనిచేసి సగం వయసు కరగదీసుకున్న మనిషి, చివరికి సముద్రపు వాసనే లేని ఊరికి వచ్చిపడ్డాడు. ఎవరైనా ఆ మాట అని ఎగతాళి చేస్తే, "నీళ్ళెక్కడైనా నీళ్ళే కదా" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు వెనక ఎంత దిగులుందో భార్య ఎలిజబెత్‌కు ఒక్కదానికే తెలుసు.

రేవులో ఆయన రోజులు వేరు. తలకు రాగి టోపీ, కాళ్ళకు సీసపు బూట్లు. పడవ మీద ఇద్దరు చక్రం తిప్పుతూ గొట్టంలోకి గాలి కొడుతుంటే, ఈయన కింద బురదలో నడుస్తూ ఓడల అడుగులూ రేవు గోడలూ తడిమి చూసేవాడు. ఆ మురికినీళ్ళలో కళ్ళెందుకూ పనికిరావు, అన్నీ చేతులతోనే చూడాలి. తర్వాత వీపున సిలిండరు కట్టుకున్న కుర్రాళ్ళు వచ్చారు. ఆ తర్వాత తీగకు కట్టి దింపే కెమెరా వచ్చింది. కెమెరాకు జీతం అక్కర్లేదు, జలుబు చెయ్యదు, పెళ్ళాం ఎదురుచూడదు. రాగి టోపీని గోదాములో పడేసినట్టే దాసునూ ఒడ్డున పడేశారు.

ఎలిజబెత్ నర్సు. మియాపూర్ దవాఖానలో ఉద్యోగం దొరికితే, భర్తనూ తమ్ముడు రాబిన్‌నూ వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చేసింది. పిల్లలు లేని ఆ ఇంట్లో రాబినే పిల్లవాడు, రాబినే పెద్దమనిషి.

మాదాపూర్ అప్పట్లో సగం బండలు, సగం క్రేన్లు. రాయి కొట్టి వదిలేసిన పాత క్వారీ గుంటల్లో ఏళ్ళ తరబడి వాననీళ్ళు నిలిచి ఉండేవి. అద్దాల మేడలు లేవాలంటే ముందు ఆ నీళ్ళు పోవాలి. తోడే కాంట్రాక్టు లింగమూర్తిది. ఆయన మోటార్ల గొట్టాల మూతికి అడుగున చెత్తా చింకిగోనెలూ పట్టేసేవి. మూడు తాటిచెట్లు మునిగే లోతుకు, ఆ చీకట్లోకి దిగి వాటిని ఊడబెరకడానికి ఎవడొస్తాడు? అలా దాసుకు మళ్ళీ నీళ్ళు దొరికాయి. నోటికి కంప్రెషర్ గాలి గొట్టం, నడుముకు తాడు, ఒడ్డున రాబిన్.

రేవులో దిగేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. తాడు రెండో కొస బావమరిది చేతిలోనే ఉండాలి. బావ బతుకు కోరేవాడు బావమరిది అని ఊరికే అన్నారా? తాడు వదిలితే కూలేది సొంత అక్క సంసారం కాబట్టి, చేతులు తెగినా వాడు వదలడని లెక్క. ఎలిజబెత్ మెడలో పుస్తె పడిన నాటి నుంచీ రాబిన్ ఆ తాడు పట్టుకుంటూనే ఉన్నాడు.

పట్టుకోవడమొక్కటే కాదు, లాగడం తెలియాలి. లోతులో చాలాసేపు ఉన్నవాడి ఒంట్లోకి ఒత్తిడికి గాలి ఇంకిపోతుంది. గబుక్కున పైకి లాగితే, సోడా మూత తీసినట్టు అది నెత్తుట్లో పొంగుతుంది. అందుకని దారిలో రెండుచోట్ల ఆపాలి. ఎంతసేపు ఆపాలో చెప్పే గడియారం రాబిన్‌కు ఏసు గుడి పాటలే. మొదటి చోట ఒక కీర్తన, రెండో చోట రెండు, ఒక్క చరణమైనా మింగకుండా పాడేవాడు. గుంట ఒడ్డున కళ్ళు మూసుకుని పాడుతున్న మనిషిని చూసి కూలీలు పిచ్చివాడనుకునేవారు. పాట అయ్యేసరికి నీళ్ళలోంచి దాసు తల లేచేది.

ఇంటికి ఎవరొచ్చినా దాసు చెప్పే కథ ఒకటుంది. పెళ్ళైన కొత్తలో, రేవులో తొందరపడి పైకొచ్చేస్తే చెయ్యి కొయ్యబారిపోయింది. అప్పటి మేస్త్రీ మందూ మాకూ ఏమీ లేకుండా, "నీళ్ళిచ్చింది నీళ్ళే తీసుకుంటాయి" అని మళ్ళీ అదే లోతుకు దింపించాడు. రాబిన్ ఏడుస్తూ పాటలు పాడుతూ, మెల్లగా, చాలా మెల్లగా పైకి లాగాడు. చెయ్యి మామూలైంది. ఆస్తీ అంతస్తూ లేని మనిషికి గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క కథే. విని విని ఎలిజబెత్‌కు కంఠతా వచ్చేసింది.

రాబిన్‌ను కంప్యూటర్ కోర్సులో చేర్పించింది ఎలిజబెతే. "ఎన్నాళ్ళని తాడు పట్టుకు వేలాడతాడండీ? వాడికో బతుకొద్దా?" అంది. కోర్సు అయ్యాక రాబిన్‌కు మాదాపూర్‌లోనే ఒక కంపెనీలో పని దొరికింది. ఓడలు సముద్రం అడుక్కి శబ్దం పంపి, తిరిగొచ్చిన దాన్ని అంకెలుగా రాసి పంపుతాయి. ఆ అంకెలతో అడుగున ఉన్న కొండలూ లోయలూ తెర మీద గియ్యాలి.

"అంటే చెయ్యి తడవకుండా సముద్రం అడుగు చూసేత్తారేటిరా!" దాసు ఆశ్చర్యపోయాడు. "మా తాతలు తాడుకి సీసం గుండు కట్టి లోతు కొలిచేవారు. నేను పాకి చూశాను. నువ్వు కుర్చీలో కూకుని చూడు. నీ టైము బాగుంది!" పొంగిపోయి కాలనీ అంతా లడ్డూలు పంచాడు. ఆ రాత్రి ఎలిజబెత్ కంటినిండా నిద్రపోయింది.

రాబిన్ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పెద్ద వాన పట్టింది. గుంట మళ్ళీ నిండింది, మోటార్లు ఊపిరాడక ఆగిపోయాయి. లింగమూర్తి ఇంటికే వచ్చాడు. "జర రా దాసన్నా. పునాది పని ఆగితే నా పని ఖతం. తాడు పట్టనీకి మావోడు ఓబులేసున్నడు, ఏం ఫికర్ లేదు."

ఎలిజబెత్ అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. బావమరిది లేనిదే దిగనంటే లింగమూర్తి నేరుగా రాబిన్ ఆఫీసుకే పోతాడు. కొత్త ఉద్యోగి చేరిన వారానికే సెలవు అడిగితే ఏమనుకుంటారో దాసుకు తెలియనిది కాదు. ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. గొట్టాలు అన్నీ ఇన్నీ కావు, పొద్దున దిగినవాడు మధ్యాహ్నం దాకా లోపలే ఉన్నాడు.

ఓబులేసు కడప నుంచి వచ్చిన మంచి మనిషి, పాపం, కష్టజీవి. తాడు ఒకసారి గుంజితే బాగున్నావా అని అడిగినట్టనీ, తిరిగి ఒక గుంజు వస్తే బాగున్నట్టనీ దాసు నేర్పాడు. మెల్లగా లాగాలనీ, నడుమ ఆపాలనీ చెప్పాడు. ఇతను గుంజాడు. జవాబు లేదు. మళ్ళీ గుంజాడు. తాడు రాతి సందులో ఇరుక్కుందని అతనికెలా తెలుస్తుంది? రాబినైతే తాడు వదులు చేసి, రెండుపక్కలా ఆడించి చూసేవాడు. ఓబులేసుకు మనిషి పోయాడన్న భయమొక్కటే మిగిలింది. నలుగురిని కేకేసి, ఉన్న బలమంతా పెట్టి, ఎక్కడా ఆపకుండా ఒడ్డుకు లాగేశాడు.

దాసు బతికే ఉన్నాడు. టీ కూడా తాగాడు. తాగి లేవబోతే కాళ్ళు లేవు.

కబురందుకుని ఎలిజబెత్ ఆటోలో వచ్చేసరికి రాబిన్ ముందే చేరి బావ తలను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఓబులేసు నేలమీద కూలబడి, "నా వల్లే అక్కా, నాకు తెలీలేదు" అని తల బాదుకుంటున్నాడు.

"లిజమ్మా, నన్ను మళ్ళీ దింపండి," అన్నాడు దాసు. "రాబిన్ పాడుతూ లాగుతాడు. కాళ్ళు వచ్చేత్తాయి."

రాబిన్ లేచి తాడు అందుకున్నాడు. "దింపుదాం అక్కా. ఆ రోజు చెయ్యి అలాగే వచ్చింది."

ఎలిజబెత్ భర్త నాడి చూసింది. ఊపిరి ఎగదన్నుతోంది, అప్పుడే ఒకసారి వాంతి అయింది. ఈ స్థితిలో ఉన్న మనిషిని ఆ నల్లటి నీళ్ళలోకి దింపాలా? స్పృహ తప్పితే నోట్లో గొట్టం ఎవరు పట్టుకుంటారు? ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమె నమ్ముకున్నది దవాఖాననే. "వద్దు," అంది. రాబిన్ చేతిలోంచి తాడు లాగి అవతల విసిరేసింది. "ఆయన్ని చంపుతావా? ఆటో ఎక్కించు!"

దాసు ఒకసారి నీళ్ళకేసి చూసి కళ్ళు మూసుకున్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరు మంచివాడు. ఇలాంటిది తానెప్పుడూ చూడలేదని ఉన్నమాట చెప్పి, గాలి ఒత్తిడి పెంచే గది విశాఖలో ఉంటుందని, వెంటనే తీసుకెళ్ళమని రాసిచ్చాడు. అంబులెన్సు కుదిరి, అంత దూరం పోయేసరికి మర్నాడు వచ్చేసింది. అక్కడ గదిలో పెట్టారు, ఎన్నోసార్లు పెట్టారు. కాళ్ళు రాలేదు.

"మళ్ళీ నీళ్ళలోకి దింపి ఉంటే?" అని అడిగింది ఎలిజబెత్.

"నడిచేవాడేమో. శవమై తేలేవాడేమో. ఎవరూ చెప్పలేరమ్మా," అన్నాడు అక్కడి డాక్టరు.

ఆ 'ఏమో' ఆమెను తినేసింది. తప్పని తేలితే ఏడ్చి ఊరుకునేది, ఒప్పని తేలితే గుండె దిటవు చేసుకునేది. ఏదీ తేలనిదానికి ఏడుపుకైనా ఒక ఒడ్డంటూ ఉండదు. డ్యూటీకి పోయేది, వచ్చి భర్తను పక్కకు తిప్పి వీపు తుడిచేది. మాట తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. గుడికి వెళ్ళినా నోరు పెగిలేది కాదు. రాబిన్ ఉద్యోగం మానేస్తానంటే దాసు మంచం మీదినుంచే తిట్టి పంపాడు.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం, గంజి తాగించి మూతి తుడుస్తూ అడిగేసింది. "ఆ రోజు నేను అడ్డం పడకపోతే మీ కాళ్ళు వచ్చేవి కదండీ? నిజం చెప్పండి."

దాసు ఆమె మొహం వంక చూశాడు. చిక్కి సగమైంది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

"ఏటి వచ్చీది?" అన్నాడు. "ఆ చెయ్యి కథ నిజమనుకున్నావేటి? చెయ్యి బెణికింది, ఆముదం రాత్తే తగ్గింది. కొత్త పెళ్ళాం ముందు గొప్పకి కోశాను. అప్పట్నుంచీ అదే చెప్పుకుంటన్నాను. కావాలంటే వీణ్ణడుగు."

గుమ్మంలో రాబిన్ ఆఫీసు చెప్పులు విప్పుతున్నాడు. వంచిన తల ఎత్తలేదు.

"అవునక్కా," అన్నాడు. "బావ కోతలు నీకు తెలీనివా?"

అక్కతో ఏనాడూ అబద్ధమాడని తమ్ముడు. జీవితంలో ఉన్న ఒకే ఒక్క గొప్పను తన కోసం అబద్ధం చేసేసుకున్న భర్త. ఎలిజబెత్ తుడిచిన మూతినే మళ్ళీ తుడిచింది. నిజమేమిటో ఆ ముగ్గురికీ తెలుసు.

"అయితే నా తప్పేం లేదంటారు," అంది.

"నీదేటి తప్పు," అన్నాడు దాసు.

ఆమె తల ఊపి, చల్లారిన గంజి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.